ప దగ్గర ఆగడం

రాయమంటే రాస్తాను, పలకమంటే నాకు ప రాదు.
రెండు పెదవులూ కలుస్తాయి, ఇక విడిపోవు,
బురదలో దిగిన లంగరులా.

మా నాన్న నాకు పోలినాయుడని పేరు పెట్టాడు.
బళ్ళో అడిగితే నాయుడు, సార్, అనేవాణ్ణి.
పూర్ణా మార్కెట్టుకి టిక్కెట్టు అడగలేక
జగదాంబ దగ్గర దిగి నడిచేవాణ్ణి.
పంచదార కావాలంటే చక్కెర అనొచ్చు.
పాము కనబడ్డ రోజు మాత్రం
పురుగందామన్నా అదీ ఆ అక్షరమే.
నోరు మూసుకుని పరిగెత్తాను.

ఒక మాట బదులు ఇంకో మాట వెతికీ వెతికీ
రాతగాణ్ణయ్యాను.
మత్స్యశాఖలో గుమాస్తానయ్యాను.

మొదటి తుఫానుకి హెచ్చరిక రాశాను:
"బంగాళాఖాతమునందలి వాయుగుండము దృష్ట్యా
మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని
ఇందుమూలముగా తెలియజేయడమైనది."
ఫిషింగ్ హార్బర్ గోడకి అంటించాను.
బంక ఆరకముందే దాని ముందు
ఎవరో కవ్వళ్ళ బుట్ట దించారు.

వేలం పాడే నూకరత్నం వచ్చింది.
"ఏటి రాసినావు బాబూ, సదువు."
చదివాను.
"ఇందు మూల అంటే ఏ మూల?
ఎవులు తెలియజేసినారు?
ఇంత రాతలో ఒక్క మనిషీ లేడేటి?"
అటు తిరిగి జెట్టీ మీదకి ఒక్క కేక:
"ఒరే, గాలి తిరిగింది. రేపు బోట్లు ఇప్పకండి!"
తాళ్ళు బిగించడం నేను చూశాను.

ఆ రాత్రి కంచరపాలెం గదిలో
కాగితం ముందేసుకుని కొట్టేస్తూ కూచున్నాను.
ముందు 'ఐనది' పోయింది, తర్వాత 'దృష్ట్యా'.
ఆఖరికి రెండు వాక్యాలు మిగిలాయి.
సిగ్గేసింది,
ఇన్నాళ్ళ జీతం ఈ రెండింటికేనా అని.

అప్పట్నించీ నాలుగింటికే హార్బరు.
తడి సిమెంటు మీద కోనాలు, చందువాలు,
ఐసు మీద కాళ్ళు, డీజిలు వాసన.
నూకరత్నం ధర చెప్పి
ఠక్కున ఆగుతుంది.
ఆ ఆగిన చోట కొనేవాళ్ళ కళ్ళు
ఒకరినొకరు తడుముకుంటాయి.
ధర అక్కడే లేస్తుంది.
"ముందున్నోళ్ళు ఎలాగూ ఇంటారు.
ఐసుమిల్లు గోడకి ఆనుకున్నోడున్నాడే,
ఆడికి సెప్పు," అంది ఒకసారి,
చేతికంటిన పొలుసు గీక్కుంటూ.

లైఫ్ జాకెట్ల సభ రోజు ఆఫీసరుగారు సెలవు.
మైకు నా చేతికొచ్చింది.
కాగితంలో మొదటి మాట ఒక పేరు:
వాసుపల్లి పైడయ్య.
జాకెట్ వేసుకోకుండా వెళ్ళి రానివాడు.
నూకరత్నం తమ్ముడు.

వాసుపల్లి వరకూ వచ్చాను.
పెదవులు కలిశాయి.
చుట్టూ వెతికాను, అలవాటు కదా,
మనిషి పేరుకి మారుపేరు లేదు.
'ఆ మృతుడు' అని రాసుంటే గట్టెక్కేవాణ్ణి.
ఆమె ముందు వరసలోనే కూచుంది.

ఎవరూ నవ్వలేదు.
మైకు గుయ్యిమంది.
ఐసుమిల్లు గోడ దగ్గర ఒకాయన
నోట్లోంచి బీడీ తీశాడు.

పైడయ్య, అన్నాను.

తర్వాత ఏం మాట్లాడానో గుర్తు లేదు.
రిజిస్టరు చూస్తే పదకొండు జాకెట్లు తీసుకెళ్ళారు.
తక్కువే.
నూకరత్నం కళ్ళు తుడుచుకోలేదు, బుట్ట ఎత్తుకుంటూ అంది:
"ఆ ఆగడం బాగుంది బాబూ.
కావాలని ఆగకు మరి, తెలిసిపోద్ది."

తిరిగి బస్సెక్కాను.
కండక్టరు చెయ్యి చాచాడు.
ఎక్కడికి?
నా వెనక నలుగురు, చేతిలో చిల్లర.
జగదాంబ నాలుక చివరే ఉంది.
పెదవులు కలిపి
ఆగాను.